ఉడుంవీరకు పెట్టిన పసుపు

నేను ఒక బొమ్మల కథల పుస్తకాన్ని. రెండు పిన్నులు, పలచటి అట్ట. పేరు ‘ఉడుంవీర’, మొదటి సంచిక. ఎప్పుడూ వినలేదా? నొచ్చుకోనులెండి, నేను అచ్చయిన రోజుల్లోనే విన్నవాళ్లు తక్కువ. నా అట్ట నాలుగు మూలలా ఒకప్పుడు నాలుగు పసుపు బొట్లు పెట్టారు. నాలుగోదానిలో ఒక బొటనవేలి ముద్ర ఉంది. ఆ ముద్ర కోసం ఒకావిడ ఏళ్ల తరబడి వెతికితే, ఒకాయన సబ్బునీళ్లతో దాన్ని తుడిచేయబోయాడు. నా బతుకులో అంతకు మించిన గండం లేదు.

నేను పుట్టింది బెజవాడలో, ఒక ఇరుకు ప్రెస్సులో. సినిమా హాళ్లకు కటౌట్లు గీసే దక్షిణామూర్తిగారు ఓ మధ్యాహ్నం గోడ మీది బల్లిని చూస్తూ నన్ను ఊహించారు. బల్లయితే మరీ చిన్నదని ఉడుముని చేశారు. పగలు గోడలకు సున్నాలేసే వీరయ్య, దొంగలు బయల్దేరే వేళకు అవే గోడల మీద పాకే ఉడుంవీర! భుజాన ఎర్ర తువ్వాలు. పట్టుకుంటే ఉడుంపట్టే. అతని శత్రువు ఆముదాసురుడు. గోడలకు ఆముదం పూసి మనవాణ్ణి జార్చడమే వాడి విద్య. నా చివరి పేజీలో ఉడుంవీర గడియారస్తంభానికి ఒంటిచేత్తో వేలాడుతుంటాడు. పైనుంచి ఆముదం ధారగా కారుతుంటుంది. పట్టు జారుతుందా? అక్కడితో నేను అయిపోతాను.

జనానికి ఆ ప్రశ్న పట్టలేదు. మూడో సంచికతో ప్రెస్సు చేతులెత్తేసింది. నా తోబుట్టువులు మిరపకాయ బజ్జీల కింద నూనె పీల్చుకుంటూ పోయారు. మొత్తానికి ఆముదాసురుడే గెలిచాడు.

నేను మాత్రం గుడివాడ బస్టాండులో వకుళ అనే పిల్ల కంటబడి బతికిపోయాను. ఆ ఏడు దసరాకు వాళ్లింట్లో సరస్వతీ పూజ. పుస్తకాలన్నీ పీట మీద దొంతరగా పేర్చారు. వకుళ నన్ను సైన్సుకీ సోషలుకీ మధ్య దూర్చింది. వాళ్లమ్మ కనకవల్లి ఉంగరపు వేలితో ఒక్కో పుస్తకానికీ నాలుగు మూలలా పసుపు పెడుతూ వచ్చి, నా దగ్గర ఆగింది.

“ఏవిటే ఇది? గోడలెక్కే వెధవకి కూడా పూజేనా?”

“వాడికే కావాలమ్మా! స్తంభం మీంచి పడిపోతున్నాడు!”

ఆవిడ ఫక్కున నవ్వింది. మూడు మూలలు పెట్టేసరికి దొంతర కదిలి నేను జారాను. చటుక్కున పట్టుకుంది. పసుపంటిన బొటనవేలు నాలుగో మూల మీద అచ్చుపడింది. కత్తిపీటకు తెగి మానిన ఏటవాలు గాటు కూడా అందులో పడింది.

“పట్టేశాలే మీ వీరుణ్ణి,” అంది.

తర్వాత ఇల్లు మారే హడావిడిలో నేను పాత పేపర్ల కట్టలో కలిసిపోయాను. చేతులు మారి మారి హైదరాబాదు కోఠీలో ఫుట్‌పాత్ మీద తేలాను. అక్కడ నన్ను ఫణీంద్ర కొన్నాడు.

ఫణీంద్ర చదువరి కాడు, మదుపరి. ఉడుంవీర మీద సినిమా తీస్తారన్న పుకారు పాత పుస్తకాలవాళ్ల ఫోన్ గ్రూపులో చదివి నా కోసం పరిగెత్తుకొచ్చాడు. నన్ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తేమ తగలకుండా చిన్న పొట్లాలు పక్కనేసి, బీరువాలో భార్య పట్టుచీరల మీద పడుకోబెట్టాడు. ఒకసారి భార్య హైమ అడిగింది.

“కథేంటండీ ఇందులో?”

“తెలీదు. తెరిస్తే మడత పడుతుంది, రేటు పడిపోతుంది.”

“అయితే మన పెళ్లి ఆల్బమ్ లాంటిదన్నమాట. అదీ మీరు తెరవలేదుగా!”

పుకారు ముదిరాక నా ఫోటో గ్రూపులో పెట్టాడు. నా కోసం ఏళ్లుగా వెతుకుతూ అదే గ్రూపులో చేరిన వకుళ కంటబడింది అది. ఇప్పుడావిడ బస్సు కండక్టరు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఫోటోను పెద్దది చేసి చూసింది. ఏటవాలు గాటు! కళ్లు తుడుచుకుంది గానీ, చిల్లర దగ్గర వేలమందితో పోట్లాడిన మనిషి కదా, తన ఆశ బయటపడితే రేటు కొండెక్కుతుందని బెట్టు చేసింది. “మూలల్లో ఆ మరకలేంటండీ? దగ్గర్నుంచి ఫోటో పంపండి. ఆదివారం వచ్చి చూస్తా,” అని మాత్రం రాసింది.

ఫణీంద్ర నన్ను కవర్లోంచి బయటికి తీశాడు. “మరకలు పట్టేసిందే! ఎవడో పప్పు తింటూ చదివినట్టున్నాడు,” అంటూ ఆదివారం పొద్దున్నే దూది, సబ్బునీళ్లు పట్టుకుని కూర్చున్నాడు. మొదటి మూల రుద్దాడు. పసుపు కాస్తా ఎర్రగా మారింది. కంగారుగా రెండోది రుద్దాడు. అదీ ఎర్రనే. మూడోదీ అంతే.

“హైమా! రంగు దిగుతోందే! రక్తంలా వస్తోంది!”

హైమ వచ్చి చూసి నడుం మీద చేతులేసుకుంది. “పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడదేంటండీ? నా తువ్వాళ్లు ఎన్నిసార్లు చూళ్లేదు మీరు?”

“పసుపా? పుస్తకానికి పసుపెందుకు పెడతారు?”

“సరస్వతీ పూజకి. మీరు ఏ పుస్తకమైనా చదివి ఉంటే తెలిసేది.”

ఇక మిగిలింది నాలుగో మూల. మూడెరుపులూ ఒక పసుపూ ఉంటే మరీ అసహ్యంగా ఉంటుందని ఫణీంద్ర దూదిని గట్టిగా ముంచాడు. తడిదూది నా మీదికి వచ్చింది. ఒక చుక్క కనకవల్లి ముద్రకు వెంట్రుకవాసి దూరంలో పడింది. గోడలెక్కే వీరుణ్ణి లోపల పెట్టుకుని కూడా నేను అంగుళం కదల్లేకపోయాను.

కాలింగ్ బెల్ మోగింది.

వకుళ లోపలికి రావడంతోనే బల్ల మీద సబ్బునీళ్లు చూసింది. “దూది కింద పెట్టండి!” అని అరిచింది. కదిలే బస్సును ఆపే గొంతు అది. ఫణీంద్ర చేతిలోంచి దూది దానంతటదే పడిపోయింది.

ఆవిడ నన్ను అందుకుని నాలుగో మూల చూసింది. ముద్ర చెక్కుచెదరలేదు. తన బొటనవేలు దాని పక్కన ఆనించింది. బేరం సంగతే మర్చిపోయింది.

“మా అమ్మదండీ,” అంది చివరికి.

ఫణీంద్ర సబ్బునీళ్లు పక్కకు జరిపాడు. “క్షమించండి మేడమ్. మరకలనుకుని మూడూ పాడుచేశాను.”

వకుళ ఆ మూడెర్ర బొట్లను చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వేసింది.

“పాడేముందండీ! మా అమ్మ పసుపు పెట్టి వదిలేసింది. మీరు కుంకుమ పెట్టారు. పూజ ఇన్నాళ్లకి పూర్తయింది.”

ఫణీంద్ర అడిగిన ధరలో సగం తానే తగ్గించుకున్నాడు. మిగతా సగం హైమ తగ్గించింది. కాఫీ వచ్చేలోగా వకుళ నన్ను తెరిచి, చిన్నప్పటి గొంతుతో పైకి చదివింది. మొగుడూ పెళ్లాలిద్దరూ చెవులొగ్గి విన్నారు.

ఇప్పుడు వకుళ ఇంట్లో నాకు ప్లాస్టిక్ కవరు లేదు. ఎవరొచ్చినా తెరుస్తారు, మడతలూ పడుతున్నాయి. నా రేటు ఎంతో నాకు తెలియదు, కనుక్కోవాలనీ లేదు.

మొన్న ఫణీంద్ర ఫోన్ చేశాడు.

“మేడమ్, రెండో సంచిక ఎక్కడా దొరకట్లేదు. మీరు చిన్నప్పుడు చదివారుగా?”

“చదివాను. ఏం, మళ్లీ సినిమా పుకారా?”

“అది కాదండీ.” అతని గొంతు తగ్గింది. “ఇంతకీ అతను పడిపోయాడా, లేదా?”