ఐదుగురి వరస

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ఐదుగురు మనుషులు చేతులు పట్టుకుని ఒక రబ్బరు చాప మీద వరసగా నిలబడ్డారు. యంత్రం ఇంకా ఆన్ చేయలేదు.

చెన్నైలోని ఒక సైన్స్ మ్యూజియంలో ఆ రోజు కుటుంబ దినం. ప్రతి వస్తువు దగ్గరా 'తాకి చూడండి' అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు పెట్టారు. అంబత్తూరు నుంచి వచ్చిన ఈ కుటుంబం పొద్దుటి నుంచి తాకి చూస్తూనే ఉంది. కప్పీల తాళ్లు లాగారు. తిరిగే పీట మీద కూర్చున్నారు. ఆఖరున స్థిర విద్యుత్ యంత్రం దగ్గరికి వచ్చారు.

నిలువు గొట్టం, దాని మీద లోహపు గోళం. గొట్టంలో రబ్బరు బెల్టు తిరిగితే విద్యుత్తు పైకి చేరి గోళం మీద నిలుస్తుంది. ఒకరు గోళం మీద చెయ్యి పెట్టాలి. మిగిలినవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలి. చివరి మనిషి ఎదురుగా ఉన్న ఇనప కడ్డీని తాకితే వరసలో అందరికీ ఒకేసారి షాక్ తగులుతుంది. గాలిలో తేమ ఉంటే యంత్రం పని చేయదు. అందుకని దాన్ని నడిపే జెబకుమార్ ప్రతిసారీ ముందు హెయిర్ డ్రయ్యర్‌తో గోళాన్ని ఆరబెడతాడు. అప్పుడు ఆ పనిలోనే ఉన్నాడు.

గోళం పక్కన శ్యామ్. అతని చెయ్యి పట్టుకుని అతని తల్లి రాజలక్ష్మి. ఆమె తర్వాత శ్యామ్ భార్య భువనేశ్వరి. తర్వాత శ్యామ్ అక్క ఆరతి, ఆమె అత్తవారిల్లు వాషర్‌మెన్‌పేట్. చివర ఆరతి కూతురు జనని, నాలుగో తరగతి. కడ్డీని తాకేది జననే. సోమవారం దీని వీడియో బడిలో చూపించాలి.

భువనేశ్వరికి మూడో నెల. ఆ సంగతి వరసలో శ్యామ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

అంతకుముందు రెండుసార్లు ఇంట్లో చెప్పింది. రెండుసార్లూ రాజలక్ష్మి వీధిలో మైసూర్‌పాక్ పంచింది. రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. మైసూర్‌పాక్ తిన్నవాళ్లందరూ పలకరించడానికి వచ్చారు. రెండోసారి భువనేశ్వరి గది తలుపు తీయలేదు. ఈసారి మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని భర్త చేత ఒట్టు వేయించుకుంది. గురువారం స్కాన్ ఉంది.

పొద్దుటి నుంచి ఆమె ఏదీ తాకలేదు. అందరి బ్యాగులూ పట్టుకుని నిలబడింది. యంత్రం దగ్గర కూడా, వీడియో తాను తీస్తానంది.

"వాణ్ణి తియ్యమన్నాను," అని ఆరతి పక్కనున్న కాలేజీ కుర్రాణ్ణి చూపించింది. "పొద్దున్నించీ బ్యాగులు మోసేదానికేనా నువ్వు వచ్చింది? రా భువనా."

"లేదు వదినా, మీరు నిలబడండి."

"కరెంటంటే పయమా? మీ అత్త గ్రైండర్ రోజూ షాక్ కొడతా ఉండాది కదా. దానికంటేనా ఇది?"

"గ్రైండర్ను అనబాక," అంది రాజలక్ష్మి. "ముప్పై ఏండ్లుగా తిరగతా ఉండాది."

"అత్తా, ప్లీజ్," అని జనని భువనేశ్వరి చున్నీ పట్టుకుంది. "ఫ్యామిలీ మొత్తం ఉండాలంట. మిస్ చెప్పింది. సీక్రం రా, లేటవుతాది."

భువనేశ్వరి శ్యామ్ వైపు చూసింది. అతను చాప మీదికి ఎక్కి తల దించుకున్నాడు. ఆమె బ్యాగులు కింద పెట్టి వెళ్లి నిలబడింది. ఒక చెయ్యి రాజలక్ష్మి పట్టుకుంది, ఒకటి ఆరతి.

జెబకుమార్ డ్రయ్యర్ ఆపాడు. శ్యామ్ చేతిని గోళం మీద పెట్టించాడు. తర్వాత మైకు తీసుకుని, ప్రతి ప్రదర్శనకు ముందు చెప్పేది తమిళంలో చెప్పాడు. మోటారు ఆన్ అయ్యాక తాను ఆపేదాకా ఎవరూ చెయ్యి వదలకూడదు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు చాప దిగి పక్కకు రావాలి.

అదే మాట గోడ మీది బోర్డులోనూ ఉంది. బోర్డుకు అడ్డంగా జనం నిలబడి ఉన్నారు. షాక్ తగిలితే ఏమవుతుందో బోర్డు మీద లేదు.

"ఎవరైనా ఉన్నారా?" అని జెబకుమార్ అడిగాడు.

ఎవరూ కదల్లేదు. శ్యామ్ గోళం మీది చెయ్యి తీయకుండా మెడ తిప్పి భార్యను చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దనో, దిగననో అతనికి తెలియలేదు. మళ్లీ గోళం వైపు తిరిగాడు.

చుట్టూ నలభై మంది దాకా ఉన్నారు. సగం మంది ఫోన్లు పైకెత్తారు.

"పాపా, నువ్వు ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టు," అని జెబకుమార్ జననితో అన్నాడు. స్విచ్ మీద వేలు పెట్టాడు.

"ఐదు," అంది జనని.

భువనేశ్వరి చెయ్యి లాక్కోబోయింది. ఆరతి గట్టిగా పట్టుకుంది. "ఏమ్మే, యాడికి? ఏం కాదులే."

"వదినా, నాకు కడుపులో..."

"ఇప్పుడేనా? అయినాక పోదువులే."

"నాలుగు."

"అక్కా, వదిలెయ్," అన్నాడు శ్యామ్.

"నువ్వు గోళం చూస్కోరా."

"మూడు."

రాజలక్ష్మి కొడుకు చెయ్యి వదిలేసి చాప దిగింది. కోడలి చెయ్యి వదల్లేదు. ఆమెతోపాటు భువనేశ్వరి కూడా దిగింది. వరస రెండు చోట్ల తెగింది.

"ఆపప్పా," అని రాజలక్ష్మి జెబకుమార్‌తో అంది. "నాకు పేస్‌మేకర్ ఉండాది."

జెబకుమార్ స్విచ్ మీది నుంచి వేలు తీశాడు. "అడిగినప్పుడు చెప్పాలి కదమ్మా!" అని మైకులోనే అరిచాడు.

"ఇప్పుడు చెప్తా ఉండాను కదా."

"నీకా?" అంది ఆరతి. "పేస్‌మేకరా? ఎప్పుడు పెట్టినారు?"

"పెట్టినారులే."

"బీపీ మాత్ర మరిచిపోయినా ఫోన్ చేసి చెప్తావు. గుండె కోసింది చెప్పలేదా?"

"చెప్తే నువ్వు ఈ మాదిరి అరుస్తావనే చెప్పలా. పిల్ల చూస్తా ఉండాది. నిలబడు పో."

"రేయ్ శ్యామ్, నీకు తెలుసా?"

శ్యామ్ తల్లిని చూశాడు. "తెలుసు," అన్నాడు.

రాజలక్ష్మికి పేస్‌మేకర్ లేదు.

జెబకుమార్ ఆమెను దూరంగా కూర్చోమన్నాడు. తోడు ఎవరైనా ఉండాలన్నాడు. "నా కోడలు ఉంటాది," అని రాజలక్ష్మి భువనేశ్వరిని బెంచీ దాకా తీసుకుపోయింది. తెగిన చోట కాలేజీ కుర్రాడి స్నేహితులిద్దరు వచ్చి నిలబడ్డారు. జనని మళ్లీ ఐదు నుంచి మొదలుపెట్టింది. బెల్టు తిరిగిన శబ్దం బెంచీ దాకా వినిపించింది. ఆ తర్వాత ఐదుగురూ ఒకేసారి అరిచారు, జనం చప్పట్లు కొట్టారు.

భువనేశ్వరి చెయ్యి ఇంకా అత్త చేతిలోనే ఉంది.

"అత్తా, నేను..."

"నువ్వేం చెప్పలా. నేనేం అడగలా," అంది రాజలక్ష్మి. "గర్భిణులు అన్నాడు వాడు. నీ గోళ్లు నా అరచేతిలో దిగినాయి. చూడు."

అరచేతిలో నాలుగు గాట్లు ఉన్నాయి.

"డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాల?"

"గురువారం."

"ఎవురికీ చెప్పబాక. ఆరతికి అసలు చెప్పబాక. దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"మీకు చెప్పకూడదని కాదు అత్తా. పోయినసారి అందరూ వచ్చి..."

"తెలుసు. ఈసారి నేనూ ఎవురికీ పంచను."

జనని ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అవ్వా, నీ గుండెలో మెషినుందా? చూపించు." రాజలక్ష్మి పైట సర్దుకుని, లోపల ఉంటుందని, బయటికి కనిపించదని చెప్పింది.

అంబత్తూరు తిరిగి వెళ్లేటప్పుడు కారులో ముందు సీటు భువనేశ్వరికి ఇచ్చారు. ఆ సీటు ఎప్పుడూ రాజలక్ష్మిది. ఆరతి వెనక కూర్చుని తల్లిని ఆస్పత్రి పేరు అడిగింది. రాజలక్ష్మి నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది. సోమవారం ఆరతి ఫోన్ చేసి మళ్లీ అడిగింది. మంగళవారం ఫైలు చూపించమంది. బుధవారం తానే వస్తానంటే, ఇంట్లో ఎవరూ ఉండరని రాజలక్ష్మి చెప్పింది.

గురువారం ముగ్గురూ స్కాన్ సెంటర్‌కి వెళ్లారు. లోపలికి తోడు ఒక్కరినే రానిస్తామన్నారు. శ్యామ్ లేచి నిలబడ్డాడు. భువనేశ్వరి అత్త చెయ్యి పట్టుకుంది. అతను మళ్లీ కూర్చున్నాడు.

పోయిన రెండుసార్లూ ఆ గదిలోకి వెళ్లింది శ్యామే. డాక్టరు తెరను తన వైపు తిప్పుకుని చాలాసేపు మాట్లాడకపోవడం రెండుసార్లూ చూశాడు.

ఆరతి నుంచి ఫోన్ వచ్చింది. తీయలేదు. మళ్లీ వచ్చింది. ఫోన్ ఆపేశాడు. అతని తర్వాత వచ్చినవాళ్లను పక్క గదిలోకి పిలిచారు. వాళ్లు బయటికొచ్చి వెళ్లిపోయారు.

తలుపు తెరుచుకుంది. ముందు రాజలక్ష్మి వచ్చింది.

"గుండె కొట్టుకుంటా ఉండాది," అంది.