హాజరు పట్టీలో లేని పేరు

సుభాషిణి టీచర్‌కు రాని విద్య ఒక్కటే, తనకు బాగాలేదని నోరు విడిచి చెప్పడం. మిగతావన్నీ వచ్చు. శివనగర్‌లో ఎవరి పిల్లాడికి జ్వరమొచ్చినా, ఎవరి మొగుడు అలిగి రెండు రోజులు కనపడకపోయినా ఆ కబురు ముందు ఆమె చెవిన పడాల్సిందే. పొద్దున నెక్కొండ బడికి పోవడానికి రైలు అందుకోవాలి. ఆ ఉరుకులాటలో కూడా నలుగురిని పలకరించి, ఇద్దరి భుజం తట్టి, ఒకరికి ప్రార్థన చేస్తానని మాటిచ్చి గానీ ప్లాట్‌ఫాం ఎక్కదు. అది ఉత్త మాట కూడా కాదు. కిటికీ పక్కన సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే నిలబడి, నెక్కొండ వచ్చేదాకా ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించేది. ఆమె భర్త చంద్రమౌళి మాత్రం ఊరందరి బరువూ నెత్తిన పెట్టుకుంటే నీ బరువు ఎవరు ఎత్తాలని సణిగేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

అంతటి మనిషి ఆ ఏడాదంతా ఒక చీటీని నమ్ముకుని బతికిందంటే ఎవరైనా నమ్ముతారా? అదీ తన దగ్గర లేని చీటీ.

వాళ్ల చర్చి స్త్రీల సమాజంలో ఒక ఆనవాయితీ ఉంది. జనవరి మొదటి శనివారం అందరి పేర్లూ చీటీల మీద రాసి, మడిచి, కానుకల పళ్లెంలో కలుపుతారు. తలా ఒకటి తీసుకుంటారు. ఎవరి పేరు వస్తే వాళ్ల కోసం ఏడాదంతా ప్రార్థన చేయాలి. ఎవరి పేరు వచ్చిందో మూడో కంటికి తెలియకూడదు. తన పేరు తనకే వస్తే మళ్లీ పళ్లెంలో వేసి ఇంకొకటి తీసుకోవాలి. క్రిస్మస్‌కు ముందు శనివారం ఒక్కొక్కరే లేచి తమ చీటీలో ఎవరున్నారో బయటపెడతారు. ఆ రోజు ఒకటే కౌగిలింతలు, కన్నీళ్లు, చిన్న చిన్న బహుమతులు, ఆ పైన పులిహోర. ఆడవాళ్ల కడుపులో ఏడాదిపాటు రహస్యం దాగుతుందా అని పాస్టరుగారు మొదట్లో వేళాకోళమాడాడు. ఇరవై నాలుగు మంది ఆడవాళ్లు ఆరేళ్లుగా ఒక్కరూ నోరు జారలేదు. పాస్టరుగారు ఇప్పుడు ఆ మాట ఎత్తడు.

ఏటా చీటీలు రాసేది శోభారాణి. ఈసారి ఆమెకు కంటి ఆపరేషన్ కావడంతో ఆ పని సుభాషిణి మీద పడింది. బడిలో లెక్కలు చెప్పే టీచరుకు అదొక పనా? సమాజం హాజరు పట్టీ ముందు పెట్టుకుని పావుగంటలో రాసేసింది. పళ్లెం తిరిగింది. చీటీలు సరిగ్గా సరిపోయాయి. సుభాషిణికి శోభారాణి పేరే వచ్చింది.

మార్చిలో ఒక పొద్దున స్నానం చేస్తుంటే సుభాషిణికి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. పరీక్షలు చేశారు. క్యాన్సరేనని, తొలిదశలోనే తెలిసింది కాబట్టి భయం లేదని డాక్టరు చెప్పాడు. భయం లేదని ఊరందరికీ చెప్పే మనిషి, ఆ మాట తనతో ఇంకొకరు అనేసరికి కుర్చీలోంచి లేవలేకపోయింది.

ఎవరికీ చెప్పొద్దని భర్త దగ్గర మాట తీసుకుంది. ధైర్యం చెప్పే నోటితో భయం ఎలా చెప్పుకోవాలి? అదొక రకం గర్వమని ఆమెకు తెలుసు. తెలిసీ వదల్లేదు. ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదులో అక్క దగ్గర ఉండి వస్తానని అందరినీ నమ్మించింది. అక్కడే ఆపరేషన్ అయింది. తర్వాత కరెంటు పెట్టించుకోవడం, అదే రేడియేషన్.

గడ్డకన్నా ఆమెను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి ఉంది. ప్రార్థనకు కూర్చుంటే మాట వచ్చేది కాదు. ఇన్నేళ్లూ పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడిన దేవుడు ఇప్పుడు ఎక్కడో దూరంగా తలుపేసుకుని కూర్చున్నట్టనిపించింది. ఇతరుల పేర్లు ఎత్తితే నాలుక కదిలేది. తన పేరు దగ్గరికి రాగానే గొంతు పూడుకుపోయేది. ఆయనకు నేను గుర్తున్నానా అని ఒకరోజు అద్దంలో తనను తానే అడిగింది. బైబిలు పాఠం చెప్పే ఆమె అడగాల్సిన ప్రశ్నా అది! కానీ అడిగింది, జవాబు రాలేదు.

కరెంటు పెట్టే గదిలో బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, నర్సుతో సహా అందరూ బయటికి పోయి తలుపేసేవాళ్లు. మొదటిరోజు ఆ తలుపు మూసుకున్నప్పుడే ఆమెకు చీటీ గుర్తొచ్చింది. శివనగర్‌లో ఎవరిదో బైబిల్లో తన పేరున్న చీటీ ఉంది. తనకు మాట రాకపోతేనేం, ఆమె ఎవరో తన పేరు చెప్పి అడుగుతూనే ఉంది. ఆమె అడుగుతున్నన్నాళ్లూ దేవుడు తనను మరిచిపోడు. ఆ ఆలోచనతో ఊపిరి ఆడింది. పద్దెనిమిది సార్లు ఆ గదిలోకి పోయింది, పద్దెనిమిది సార్లూ ఆ చీటీనే పట్టుకుంది.

జూన్‌లో తిరిగొచ్చాక ఆ మనిషి ఎవరై ఉంటారా అని అందరి మొహాలూ వెతికింది. మిషన్ కుట్టే వినోద మామిడికాయ తొక్కు పంపితే ఈమేనేమో అనుకుంది. పాస్టరుగారి భార్య స్నేహలత చెయ్యి కాస్త ఎక్కువసేపు పట్టుకుంటే ఈమే అనుకుంది. నవంబరులో పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. ఆ రోజే నిశ్చయించుకుంది. డిసెంబరులో ఆ మనిషి లేచి తన పేరు చెప్పగానే గట్టిగా పట్టుకుని, దాచిందంతా చెప్పేయాలి.

ఆ శనివారం రానే వచ్చింది. చర్చిలో చాపలు పరిచి గుండ్రంగా కూర్చున్నారు. స్నేహలత పాట మొదలుపెట్టి, ప్రార్థన చేసి, ఇక కానివ్వండి అంది. వినోద లేచి ఒక పేరు చెప్పింది. ఆ పేరుగలామె లేచి ఇంకొకరి పేరు చెప్పింది. ఒకరు ఏడ్చారు, ఒకరు నవ్వారు. సుభాషిణి తన వంతుకు లేచి శోభారాణిని పట్టుకుంటే, నా కన్ను బాగైంది నీ వల్లనేనా అని ఆమె బుగ్గ గిల్లింది. సోమక్క వంతు రాగానే ఆమె తెల్లమొహం వేసింది. జనవరిలో కేసముద్రం బండికి టైమైందని పళ్లెం తనదాకా రాకముందే ఉరికిందట. చీటీ లేదు కాబట్టి అందరి కోసం చేశానని అంది. అందరూ ఘొల్లుమన్నారు.

సుభాషిణి మాత్రం లెక్కపెడుతూనే ఉంది. ఇరవై రెండు పేర్లు అయ్యాయి. తన పేరు రాలేదు. ఇక మిగిలింది ఒక్క చిలుకమ్మే.

చిలుకమ్మ అండర్ బ్రిడ్జి పక్కన ఆకుకూరలు అమ్ముతుంది. డెబ్బై దగ్గర పడ్డాయి. బేరం తొందరగా అయిపోతే కూడికకు వస్తుంది, లేకపోతే లేదు; చీటీ తీయడం ఈ ఏడే మొదటిసారి. వచ్చినా తలుపు దగ్గరే కూర్చుంటుంది, నలుగురిలో నోరు విప్పదు. ఈమేనా! సుభాషిణికి ఒళ్లంతా వేడెక్కింది. చిలుకమ్మ మెల్లగా లేచి, నడుముకున్న చిన్న సంచిలోంచి నలిగి మెత్తబడిన చీటీ తీసింది.

"నాది టీచరమ్మ పేరు," అంది.

సుభాషిణి ఒక్క అంగలో పోయి ఆమెను వాటేసుకుంది. దాచిన మాటంతా గొంతుదాకా వచ్చేసింది. అంతలో వినోద, ఊరుకునే రకమా, ఆ చీటీ అందుకుని విప్పి పైకే చదివింది.

"చిలుకమ్మ అని ఉన్నది. గిది నీ పేరేనే!"

నవ్వులే నవ్వులు. తన పేరు తానే తీసుకుని ఏడాదంతా దాచుకుంది ముసలామె! చిలుకమ్మ మొహం చిన్నబోయింది. చదువు రాదన్న సంగతి ఇన్నాళ్లూ చీటీ మడతలో దాచుకుంది మరి. సుభాషిణి చేతులు వాటంతట అవే జారిపోయాయి.

మరి సుభాషిణి చీటీ ఎవరి దగ్గరుందని స్నేహలత అడిగింది. అందరూ తమ తమ చీటీలు మళ్లీ చూసుకున్నారు, ఎవరి దగ్గరా లేదు. సుభాషిణికి అప్పుడు తట్టింది. హాజరు పట్టీ. పిలిచేది తనే కాబట్టి ఆ పట్టీలో తన పేరు లేదు. హాజరు పిలిచే పంతులమ్మ తన పేరు తాను పిలుచుకోదు కదా! పట్టీ చూసి ఇరవై మూడు పేర్లు రాసింది. సోమక్క చీటీ తీయకుండా పోవడంతో లెక్క సరిపోయి, ఆ తప్పు ఎవరి కంటా పడలేదు. అంటే తన పేరున్న చీటీయే లేదు. ఎవరి బైబిల్లోనూ లేదు. ఆ గదిలో పద్దెనిమిది సార్లు తను పట్టుకున్నది దేన్ని? దేవుడికి తను గుర్తుండడానికి అంత నమ్మకంగా పెట్టుకున్న ఒక్క ఆధారం, తనే రాయడం మరిచిన కాగితం ముక్క.

చిలుకమ్మ సిగ్గుతో కూర్చోబోతోంది. సుభాషిణి ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఇది నా పేరని నీకెందుకు అనిపించిందక్కా అని అడిగింది. ఆ గొంతులో ఉన్న తొందర విని నవ్వులు ఆగిపోయాయి.

"నాకు సదువు రాదు గద టీచరమ్మా. ఎవలతోనన్న సదివిద్దామంటె రహస్యమంటిరి. ఇగ ప్రభువునే అడిగిన. నీకు తెల్వంది ఏముంటది, గిది ఎవల పేరో చెప్పు అని మూడొద్దులు అడిగిన." ఆమె ఆగి, చెప్పొచ్చో లేదో అన్నట్టు సుభాషిణి మొహంలోకి చూసింది. "మూడోనాడు పొద్దుగాల నువ్వు బండికి పోతాన్నవ్. అడుగడుగుకు నిన్ను ఎవలో ఒకలు ఆపుతాండ్రు. అందరితోటి నవ్వుకుంటనే మాట్లాడినవ్. మలుపు తిరిగినంక, ఎవలు లేరనుకొని గోడకు ఒరిగి కండ్లు మూసుకున్నవ్. నేను జూసిన. గిది ఈమె పేరేనని గప్పుడు సమజైంది."

ఆ పొద్దు సుభాషిణికి గుర్తు కూడా లేదు. అప్పటికింకా గడ్డ చేతికి తగలనేలేదు. ఊరికే అలసట, ఎవరికీ చెప్పుకోని అలసట.

"మరి ఏమని అడిగినవ్ నా కోసం?"

"నీ కష్టమేందో నాకేం తెల్సు బిడ్డా. అందర్ని అర్సుకునే పిల్ల, దాన్ని అర్సుకునేటోల్లు లేరు, నువ్వే జర దాని పక్కపొంటి నడువుమన్న. రోజు గంతే. ఎండకాలం నువ్వు కనవడకపోతె నాకు ఫికరైంది. గప్పుడు మాత్రం పొద్దుగాల ఒకసారి, పొద్దుమూకి ఒకసారి అడిగిన."

సుభాషిణి చాప మీద కూలబడింది. పేరు రాయడం తను మరిచింది. దేవుడికి పేరు రాసి ఇవ్వాల్సిన పనే లేకపోయింది. మార్చిలో రాబోయే భయానికి జనవరిలోనే, ఆకుకూరల గంప ముందు కూర్చున్న ఒక ముసలమ్మను లేపి తన పక్కన నిలబెట్టాడు. తలుపేసిన ఆ గదిలో తను ఒక్కతే లేదు. ఇన్నాళ్లూ దూరంగా ఉన్నాడనుకుని ఏడ్చింది గానీ, ఆయన అండర్ బ్రిడ్జి దాటి పోనేలేదు.

"నాకు క్యాన్సర్ వచ్చింది," అంది.

సుభాషిణి అంతా చెప్పింది. గడ్డ, అక్క ఇల్లు, ఆపరేషన్, తలుపేసిన గది, ఆ లేని చీటీ. చెప్తుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. స్నేహలత కళ్లొత్తుకుంది. వినోదకు మాత్రం దుఃఖం కంటే కోపం ముందొచ్చింది. మేమందరం సచ్చినమనుకున్నవా అని తిట్టిపోసి, ఆ వెంటనే వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. సోమక్క, అందరి కోసం చేసినానంటే నవ్వితిరి గదా, అందులో ఈమె కూడ ఉన్నది అని గట్టిగానే జ్ఞాపకం చేసింది. సుభాషిణి ఏడుపులోనే నవ్వింది. మామిడికాయ తొక్కు, ఎక్కువసేపు వదలని చెయ్యి, ఆపరేషన్ అయినప్పటి నుంచి కసురుకుంటూనే రోజూ స్టేషన్‌దాకా సంచీ మోసిన చంద్రమౌళి, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇంతమందిని చుట్టూ పెట్టుకుని తను ఎంత ఒంటరిదాన్ననుకుంది! సిగ్గేసింది, సంతోషమేసింది.

అప్పుడు ఇంకొకటి తోచింది. చిలుకమ్మ పేరు చిలుకమ్మకే వచ్చింది. ఆమె కోసం ఈ ఏడాది ఎవరూ పేరు పెట్టి ప్రార్థన చేయలేదు. ఆ మాటే అడిగింది.

చిలుకమ్మ ఆశ్చర్యపోయింది. "నాకేమైంది బిడ్డా? రోజు నీ ముచ్చట చెప్పవోతె ఆయన నా ముంగటనే కూసుండె. ఇగ నా గురించి ఆయనకు వేరేటోల్లు చెప్పాల్నా?"

ముగింపు ప్రార్థన చేయమని స్నేహలత సుభాషిణికే సైగ చేసింది. సుభాషిణి మోకాళ్ల మీదికి వచ్చి, ఆ గరుకు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని కళ్లు మూసుకుంది. మార్చి నుంచి తన కోసం ఒక్క మాటైనా దాటని గొంతు, ఈసారి మాట కోసం వెతుక్కోలేదు. ప్రభువా అంది, ఆ వెంటనే చిలుకమ్మ పేరు, ఆ పక్కనే తన పేరు చెప్పింది. అంతకు మించి ఒక్క మాట కూడా రాలేదు. అయినా అందరూ ఆమేన్ అన్నారు.