మూయరాదని రాసిన డిస్కు

నేను ఒక డీవీడీని. పార్వతీపురం నుంచి ఫోనొచ్చి "ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం" అన్న కబురు బొబ్బిలిలోని ఈ ఇంటికి చేరిన వేళ, నేను బీరువాలో పట్టుచీరల అడుగున పడుకుని ఉన్నాను. చాలా ఏళ్ళుగా అదే నా పడక. కలరా ఉండల వాసన నాకు అలవాటైపోయింది.

ఇల్లంతా ఒక్కసారిగా కదిలింది. మూడు నెలల కిందట కోడలిగా వచ్చిన చంద్రిక పంచదార డబ్బా పట్టుకుని ఎదురొచ్చిన ప్రతివాళ్ళ నోట్లోనూ ఓ చెంచాడు పోసింది, పాలు పోయడానికి వచ్చినాయనతో సహా. అత్తగారు రాజ్యలక్ష్మి మాత్రం ఫోను చెవి నుంచి తీయలేదు. అవతల అత్తవారి ఊళ్ళో పురుడు పోసుకున్న కూతురు మాధురి గొంతు నీరసంగా ఉన్నా, అడగాల్సింది అడిగేసింది.

"అమ్మా, బారసాలకి మామ్మ పాట తెస్తావు కదా?"

"తేకపోతే ఎలాగే."

ఆ మాట అనేశాక రాజ్యలక్ష్మి మంచమ్మీద కూలబడింది. ఆ పాట నాలో తప్ప మరెక్కడా లేదు. నేనేమో ఎక్కడా పలకను.

నన్ను ఎవరు చేశారో నాకు తెలీదు. కళ్ళు తెరిచేసరికి నాలాంటి వాళ్ళు యాభైమంది ఒకే పుల్లకి గుచ్చి ఉన్నారు. విశాఖపట్నంలో ఒక దుకాణంలో ఈ ఇంటాయన ముకుందరావు మమ్మల్ని కొన్నాడు. కెమెరాలో తీసినవి మాలోకి ఎక్కించే పెట్టె ఒకటి కూడా కొన్నాడు. మిగతావాళ్ళ మీద పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ ఎక్కాయి. నా వంతుకి ఆయన తల్లి సూరమ్మ వచ్చింది.

సూరమ్మకి ఒక జోలపాట ఉంది. ఎవరో రాసింది కాదు. ఆ ఇంట ఆడపిల్ల పుట్టినప్పుడల్లా, బారసాల నాడు ఉయ్యాల దగ్గర ఆ పిల్ల పేరు మీద ఒక చరణం కట్టేవారట. సూరమ్మ నాటికి ఏడు చరణాలయ్యాయి. ఏడోది మాధురిది.

*వాన వెంట వచ్చింది మా మాధురి*
*గొడుగు లేక నవ్వింది మా మాధురి*

పాట ఎక్కడం అయ్యాక పెట్టె తెర మీద ఒక ప్రశ్న అడిగింది.

"ఏవిట్రా అంటోంది?" అంది సూరమ్మ.

"మూసెయ్యమంటావా అంటోందమ్మా. మూసేస్తే ఇంక కొత్తవి ఎక్కవు."

బియ్యం డబ్బా అడుగు ఎవరికీ కనపడనివ్వని మనిషి ఆవిడ. కొత్త బియ్యం వచ్చేదాకా ఒక గుప్పెడు ఉంచేది. కుంకుమ భరిణ కూడా అంతే.

"మూయకు. ఇంకా పుట్టేవాళ్ళున్నారు."

కొడుకు తల్లి మాట జవదాటలేదు. మార్కరు పెన్నుతో నా వీపు మీద 'అమ్మ పాట - మూయరాదు' అని రాశాడు. నా కష్టాలన్నీ ఆ రెండో మాటతో మొదలయ్యాయి.

మాకొక నియమం ఉంది. మూయడమంటే ఏది ఎక్కడుందో తెలిపే పట్టీ ఒకటి చివర్న మాలో రాసెయ్యడం. అది ఉంటే ఏ ఇంటి ప్లేయరైనా, ఏ కంప్యూటరైనా మమ్మల్ని చదువుతుంది. లేకపోతే, రాసిన పెట్టె ఒక్కదానికే మా భాష అర్థమవుతుంది. ఈ సంగతి తెలియక నన్ను ఎన్ని ఊళ్ళు తిప్పారని. సాలూరులో మేనత్త ఇంట్లో పెట్టారు. 'డిస్కు లేదు' అని తెర మీద పడింది. నేను లోపలే ఉన్నాను, గిరగిరా తిరుగుతూనే ఉన్నాను, లేనని రాస్తోంది. రాజాంలో ఎవరో నా మీద ఉఫ్ఫుమని ఊదారు. ఇంకో ఇంట్లో టూత్‌పేస్టుతో తోమారు. నాకు పళ్ళున్నాయా? మనుషులకి ఒక అలవాటుంది: చెప్పేవాడి మాట అర్థం కాకపోతే వాడి మొహం కడుగుతారు.

సూరమ్మ పోయింది. పెట్టె అటకెక్కింది. నేను బీరువాలోకి వెళ్ళాను. పోనీలే, విశ్రాంతి అనుకున్నాను.

ఇప్పుడు చంద్రిక నన్ను చేతిరుమాల్లో చుట్టి కంప్యూటరు షాపుకి తీసుకెళ్ళింది. షాపాయన నన్ను లోపలికి తోసి రెండు నిమిషాలు చూశాడు.

"ఖాళీ డిస్కమ్మా. ఫార్మాట్ కొట్టి ఇచ్చెయ్యనా? కావాల్సినవి ఎక్కించుకోవచ్చు."

"ఖాళీ కాదండీ. అందులో మామ్మగారున్నారు."

"ఉంటే కనపడాలి గదమ్మా."

ఆయన వేలు మీట మీదే ఉంది. ఆ మీట నొక్కితే సూరమ్మ లేదు, ఏడు చరణాలూ లేవు. చంద్రిక వంగి తానే నన్ను బయటికి తీసేసుకుంది. ఇంటికెళ్ళే దారంతా నన్ను గుండెకి ఆనించుకుని నడిచింది. చాలా కాలమైంది నన్నెవరైనా అలా పట్టుకుని.

ఆ పిల్ల చదువుకున్నది, వదలలేదు. నన్ను రాసిన పెట్టె కావాలని తెలుసుకుని అటక మీంచి దింపించింది. దాని నోరు తెరుచుకోలేదు. టీవీలు బాగుచేసే సన్యాసినాయుడు వచ్చి మూత విప్పాడు.

"ఏటమ్మా, ఇది ఇంకా ఉందేటి మీ ఇంట్లో? లోపల బెల్టు సాగిపోనాది."

బెల్టు తీసి వేణ్ణీళ్ళలో వేశాడు. అది కాస్త బిగిసింది. నన్ను లోపల పెట్టగానే టీవీలో సూరమ్మ కనిపించింది. చేత్తో ఉయ్యాల ఊపుతున్నట్టు గాల్లో ఊపుతోంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు.

"సౌండు ఎల్లే దారి తుప్పట్టిపోనాది," అన్నాడు నాయుడు. "ఆ సామాను ఇప్పుడెక్కడా దొరకదు. డిస్కుని మూసేసి ఇంకో ప్లేయర్లో పెట్టుకోండి, పలుకుద్ది. బెల్టు నాలుగుసార్లు పనిచేస్తే గొప్పే."

రాజ్యలక్ష్మి కదిలే ఆ పెదాలనే చూస్తూ నిలబడింది. పాటలో ఆవిడకి గుర్తున్నవి రెండే చరణాలు.

"మూయడానికి వీల్లేదు," అంది. "అత్తగారు వద్దన్నారు. ఈ పిల్ల పుట్టగానే మూసేశామంటే ఏం బావుంటుంది?"

"మూయకపోతే ఈ పిల్లకి పాటే లేదు కదత్తయ్యా."

"అందుకని ఆవిడ మాట కాదంటామా?"

రోజులు గడిచాయి. అత్తాకోడళ్ళు వడియాలు పెట్టుకున్నారు, ఉయ్యాలకి కుచ్చులు కుట్టుకున్నారు, నా ఊసు ఎత్తలేదు. నేను టీవీ పక్కన దుమ్ము పట్టుకుంటూ కూర్చున్నాను. రేపు బారసాల అనగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక, చంద్రిక బీరువా మీదున్న, పెట్టెతో వచ్చిన అట్టపెట్టె దింపి తిరగేసి అందులోంచి ఒక చిన్న పుస్తకం తీసింది. ప్లాస్టిక్ కవరు చింపిన చప్పుడు నాకు వినపడింది.

"అత్తయ్యా, ఇలా రండి. అరవై ఒకటో పేజీ. ఇది మళ్ళీ మళ్ళీ రాసుకునే రకం డిస్కట. మూసినా, ఇదే పెట్టెలో మళ్ళీ తెరవొచ్చట. తెరిచి కొత్తవి ఎక్కించుకోవచ్చట."

ముకుందరావు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు.

"నేనీ పుస్తకం కవర్లోంచి తియ్యనేలేదమ్మా."

"ఎందుకండీ?" అంది భార్య.

"పాడవుతుందని."

రాజ్యలక్ష్మి ఆయన్ని చూసిన చూపు ఇక్కడ రాయను. పదహారేళ్ళు నన్ను ఊదారు, తోమారు, చీరల కింద పెట్టారు. జవాబు మాత్రం ఆ బీరువా మీదే కవర్లో ఉంది. నాకు కోపం కూడా రాలేదు. అంత ఓపిక లేదు.

"అయితే మూయి," అంది రాజ్యలక్ష్మి. మీట చంద్రిక నొక్కింది. నాలుగు నిమిషాలు. కరెంటు పోతే నేను ఎందుకూ పనికిరాను, అందుకని ముగ్గురూ ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నా అంచు దగ్గర, ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్నచోట, సన్నగా వేడి తగిలింది.

బయటికి తీసి పక్కింటి ప్లేయర్లో పెట్టారు. ఈసారి లేనని ఎవరూ రాయలేదు. సూరమ్మ గొంతు వచ్చింది, కాస్త బొంగురుగా, మధ్యలో దగ్గుతో సహా. ఏడు చరణాలూ వచ్చాయి. మాధురి చరణం అయిపోగానే ఆపబోతే చంద్రిక చెయ్యడ్డం పెట్టింది. ఇంకా మాటలున్నాయి. సూరమ్మ కెమెరా పక్కకి తిరిగి ఎవరితోనో అంటోంది.

"రాజ్యం, అందరి చరణాలూ నేనే పాడేశాను. నీ మనవరాలికి మాత్రం నేను కట్టను. నువ్వే కట్టాలి."

"నాకేం వచ్చండీ అత్తయ్యా," అని తెర బయట ఒక ఆడగొంతు, చిన్న వయసుది, నవ్వుతోంది.

రాజ్యలక్ష్మికి తన గొంతుని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. పక్కింటావిడ మంచినీళ్ళిచ్చింది.

నన్ను తీసి చంద్రికే సంచిలో పెట్టింది, ఉయ్యాల కుచ్చుల మధ్య. నాకు ప్రయాణాలంటే విసుగు. అయినా కుచ్చులు మెత్తగా ఉన్నాయి.

"రేపు పొద్దున్న ఆరింటి బస్సుకి వెళ్దాం," అంది రాజ్యలక్ష్మి. "ముందు మీ మామ్మగారి పాట పెట్టు. తరవాత నేను పాడతాను. మీ మావయ్యగారు కెమెరా పట్టుకుంటారు."

"చరణం కట్టేశారా అత్తయ్యా?"

"లేదు. రేపు బస్సులో కడతాను. కిటికీ పక్క సీటు నాకు పట్టు."