దారిలో పడిపోయిన పిలుపు

పొద్దున్నే పాలు పొంగించి, డికాక్షన్ దించి, బుల్లెమ్మ వీధి తలుపు గడియ తీసి పెట్టేది. అశోక్‌నగర్‌లో రెండో అంతస్తు ఇల్లు. ఎనిమిదయ్యేసరికి మాటలు తెచ్చిచ్చేవాళ్లు మెట్లెక్కడం మొదలెట్టేవారు.

ఆమె భర్త ధర్మారావుగారికి మెదడులో రక్తం గడ్డకట్టి రెండు నెలలైంది. ఆ రోజు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళుతుంటే చిక్కడపల్లి మొదలుకుని నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా ఆయన మాటలన్నీ దారి పొడవునా రాలిపోయాయి. డాక్టర్లు గడ్డ తీసేశారు. ప్రాణం దక్కింది, కాలూ చెయ్యీ దారికొచ్చాయి. ఇక మాటలంటారా, దొరికినవాళ్లు దొరికినట్టు తెచ్చి ఆయన చెవిలో వేసి పోతున్నారు. పరాయి మాట ఉంచుకుని ఎవరేం బాగుపడతారు గనక?

టిఫిన్ బండి హనుమప్ప ‘పెసరట్టు’ తెచ్చాడు. మార్కెట్లో పూలమ్మే భాగ్యశ్రీ ‘పింఛను’ తెచ్చింది. పక్క హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదివే కీర్తన ‘రాజ్యాంగం’ పట్టుకొచ్చి, ఇది అంకుల్‌దో నాదో తెలీడం లేదాంటీ అని నసిగింది. ధర్మారావుగారు మొహమాటపడకుండా పుచ్చుకున్నారు. పాపం, ఆ పిల్ల పరీక్ష ఎలా రాసిందో ఏమో.

అన్నీ వచ్చాయి, బుల్లెమ్మ పేరు తప్ప. కూతురు హారతిని నోరారా పిలిచేవారు, పాలవాణ్ణి పిలిచేవారు. బుల్లెమ్మ ఎదురుపడితే మాత్రం నోరు తెరిచి, మూసి, చూపు తిప్పుకునేవారు. మంచినీళ్లు కావాలన్నా తనే గోడ పట్టుకుని లేచేవారు. ఈయనకు నేనెవరో తెలీడం లేదని ఆవిడకు భయం పట్టుకుంది. నలభై ఒక్క ఏళ్ల కాపురం చేసి చివరికి ఇంట్లో పరాయిదాన్నయ్యానా అని వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. హారతి ‘బుల్లెమ్మ’ అని చీటీలు రాసి ప్రతి దుకాణానికీ పంచింది. హనుమప్పయితే ఫ్లైఓవర్ కింద చీపురు పెట్టి మరీ వెతికాడు. ఎక్కడా లేదు.

ఓ రోజు పనిమనిషి మాసమ్మ గిన్నెలు తోముతూ తనలో తనే నవ్వుకుంటోంది. ఎందుకే అని అడిగింది బుల్లెమ్మ.

“మా ఎంకయ్యకు ఏందో అయిందమ్మా. పెండ్లయినకాంచి నన్ను ‘ఏందే’ అని గద్దిస్తుండె. రెండు నెలల సంది ‘ఏమోయ్, వింటున్నావా’ అంటుండు. గంత మెత్తగ! బస్తీల అందరు నవ్వుతున్నరు.”

బుల్లెమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఓరి భగవంతుడా! గోదావరి ఒడ్డున పుట్టిన తన మహానుభావుడు ‘ఏమోయ్’ అనడమే గానీ పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచిందెప్పుడు? ఏనాడూ నోట్లో లేని పేరు రోడ్డు మీదెలా పడుతుంది? ఊళ్లో అందరూ ఆయన పారేసుకోనిదాన్ని వెతికారు.

బుల్లెమ్మ కబురంపితే సాయంత్రం పని దిగి ఎంకయ్య సిమెంటు కాళ్లతోనే వచ్చాడు, తల వంచుకుని. నారాయణగూడలో ఇటుకలు మోస్తుంటే కాళ్ల దగ్గర దొరికిందట. ఎవరి ఇంట్లోనైనా ఉండే మాటే కదా, తనదే పడిపోయిందేమో అనుకున్నాడట.

“గట్ల పిలుస్తుంటే ఇంట్ల కొట్లాటలే బందయినయి సార్,” అన్నాడు.

మాసమ్మ గోడకానుకుని నేల చూపులు చూస్తోంది. పోనీ ఉంచుకోండని మాటవరసకైనా అనలేకపోయింది బుల్లెమ్మ. సిగ్గేసింది, అయినా అనలేదు. ఎంకయ్య వంగి ధర్మారావుగారి చెవిలో ఆ పిలుపు వేసేసి చేతులు దులుపుకున్నాడు.

అతని పాత ‘ఏందే’ వాడక ఎప్పుడో పోయింది, కొత్త ‘ఏమోయ్’ ఇచ్చేశాడు. మెట్ల మీద ఎంకయ్య కాసేపు తడుముకుని, “మాసమ్మా, పోదామా” అన్నాడు. కట్టుకున్నాక పేరు పెట్టి పిలవడం అదే మొదలు. మాసమ్మ ఆగి, కొంగు సర్దుకుని, అతని కన్నా ముందే దిగింది.

బుల్లెమ్మ వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు ఊరికే నిలబడింది. చెవులు మాత్రం హాల్లోనే ఉన్నాయి.

“ఏమోయ్, వింటున్నావా?”

“ఆఁ,” అంది.

“ఆ రోజు ఆస్పత్రిలో నా స్ట్రెచర్ వెంట పరిగెత్తి మెట్ల మీద పడ్డావు. మోకాలు తగ్గిందా? అడుగుదామంటే పిలుపు లేకపోయె.”

ఆ దెబ్బ సంగతి బుల్లెమ్మ హారతికి కూడా చెప్పలేదు. వచ్చి ఆయన పక్కన కూర్చుని, చీర కుచ్చెళ్లు కాస్త పైకి తీసి మానిపోయిన మచ్చ చూపించింది.

“తగ్గిపోయిందండీ,” అంది.