పన్నెండో సాంచా ఖిడ్కీ

నేతమనిషి వీరయ్య పోయి దినాలు అయిపోయినా రాజమౌళి కార్ఖానాలో అతని పిలుపు తెర మీద నుంచి పోలేదు.

తెర అంటే, కండెలకు నూలు చుట్టే చోట గోడకు బిగించిన పాత కంప్యూటర్. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. బొమ్మలు లేవు, మౌస్ లేదు. కార్ఖానాలోనే నేసే సుందర్‌రాజు కొడుకు స్టీఫెన్ ప్రోగ్రాం రాసి ఒక్కో సాంచాకు, అంటే మరమగ్గానికి, ఒక్కో గడి కట్టాడు. అతను వాటిని విండోలు అంటాడు, మిగతా వాళ్ళు ఖిడ్కీలు అంటారు. సాంచాల మోతలో గొంతు వినబడదు. అందుకని నేతమనిషి పక్కనున్న బటన్ నొక్కితే అతని ఖిడ్కీలో మాట పడుతుంది. పడుగు బీము అయిపోయిందనో, మేస్త్రి రావాలనో, కండెలు కావాలనో.

ప్రాణం పోయిన రోజు వీరయ్య తన పన్నెండో సాంచా దగ్గర కండెలు కావాలని నొక్కాడు. కండెలు చుట్టేది అతని భార్య మల్లవ్వే. ఆమె తట్ట నింపుకొని వెళ్ళేసరికి అతను సాంచాకు ఆనుకొని ఒరిగి ఉన్నాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. నేతమనిషి పోతే సాంచా మీద మిగిలిన అతని బట్టను ఇంటివాళ్ళే వచ్చి కోస్తారు. తర్వాతే వేరే మనిషి ఆ సాంచా ముందు నిలబడతాడు. కానీ రాజమౌళికి మాల్ పంపే తొందర. మల్లవ్వ ఇంట్లో ఉండగానే మేస్త్రి భూషణ్‌తో కోయించి, ఆ బట్ట తానును కాశేలిలోని గోదాముకు పంపేశాడు.

ఆమె పనికి తిరిగొచ్చేసరికి సాంచా మీద బట్ట లేదు. తెర మీద అతను అడిగిన మాట ఉంది.

మల్లవ్వకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా ఆ మాట ఆకారం తెలుసు. తట్ట నింపి, తీసుకుపోయి ఆగిన సాంచా మీద పెట్టి వచ్చింది. తలెత్తితే మాట అట్లాగే ఉంది. మళ్ళీ నింపింది. రోజూ అదే పని. నిండు కండెలు గుట్టపడ్డాయి. వాటిని ఎవరూ ముట్టలేదు. పక్క సాంచాల వాళ్ళు అటు వీపు పెట్టి నిలబడడం అలవాటు చేసుకున్నారు.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ సాంచాలు ఆగినప్పుడు, రాజమౌళి ఇంకో నేతమనిషి పంకజ్‌ను పిలిచాడు.

“ఇయ్యాల్టి సంది గా సాంచా నీదే.”

“నక్కో సేటు. గాయన ఇంకా కండెలు అడుగుతుండు. నా కండెలు గూడ ఆయనకే పోతయి.”

“సదువుకున్నోనివి, దయ్యాలంటవేంది?”

“సదువొస్తది గాబట్టే భయం. గక్కడ ఏం రాసున్నదో నాకు తెలుస్తది గదా.”

రాజమౌళి స్టీఫెన్‌కు ఫోన్ చేసి రప్పించాడు. “ఏందిరా స్టీఫెన్, వీరయ్యది తీసెయ్యమన్న గదా?”

“తీసేసిన సేటు. ఆయన పోయిన తెల్లారే తీసేసిన. విండో లేదిప్పుడు.”

“మరి గదేంది, నా మొఖమా?”

స్టీఫెన్ తల గోక్కున్నాడు. “విండో తీసేస్తే లోపలిది పోతది గని, తెర మీద పడ్డ అక్షరాలు పోవు. వాటి మీద ఇంకేమన్న రాస్తెనే పోతయి. గక్కడ ఎవ్వరు ఏం రాయలే. నేను గది సూసుకోలే.”

“అయితే పంకజ్ పేరు రాయి. పీడ పోతది.”

స్టీఫెన్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. మల్లవ్వ కండెల మిషన్ దగ్గర నుంచి లేచి వచ్చి తెరకు అడ్డంగా నిలబడింది.

“రాయకు బిడ్డా.”

“వదినె, సాంచా ఎన్నొద్దులు ఆపుకొని కూసోవాలె?” అన్నాడు రాజమౌళి.

“బట్ట నన్ను కోయనియ్యలే. గిది గూడ నాకు చెప్పకుంటనే తుడుస్తవా?”

రాజమౌళి తాళాల గుత్తి ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకున్నాడు.

ఆమె స్టీఫెన్ వైపు తిరిగింది. “ఆయన దాంట్ల ఉన్నడా?”

“లేడు పెద్దమ్మా. ఖిడ్కీనే లేదు.”

“మరి గా మాటను ఎవలు పట్టుకున్నరు?”

“ఎవ్వరు పట్టుకోలే. ఎవ్వరు తుడవలే, గంతే.”

మల్లవ్వ తెరను చూసింది. “ఇన్నొద్దులు నేను కండెలు పెట్టింది ఆయనకు తెల్వదన్నట్టు.”

స్టీఫెన్ తల వంచుకున్నాడు.

“నా జవాబు రాయొస్తదా గక్కడ?”

“వస్తది. ఏమని రాయాలె?”

“కండెలు పెట్టిన అని.”

అతను టైప్ చేశాడు. వీరయ్య పేరున్న చోట ఖాళీలు, కింద ఆమె మాట. తెర మీద ఏమీ మారలేదు. పాత పిలుపే ఉంది.

“రాసినవా?”

“రాసిన. లోపల పడ్డది. సూపియ్యుమని ఇంకో మాట చెప్తెనే బయటికొస్తది. గప్పటిదాంక పాతదే కనపడుతది.”

“జర ఆగు.”

అతని వేలు ఎంటర్ మీద ఆగింది. మల్లవ్వ తెర దగ్గరికి జరిగి, అద్దానికి చెయ్యి తగలకుండా, ఆ అక్షరాల మీదుగా వేలు నడిపించింది. తర్వాత స్టీఫెన్ చెయ్యి పక్కకు తప్పించింది.

“ఏది నొక్కాలె?”

“గిదే.”

ఆమె నొక్కింది. పిలుపు పోయింది. ఆ చోట ఆమె మాట నిలబడింది. ఆ అక్షరాల ఆకారం ఆమెకు తెలియదు. కొత్త మనిషి మొహం చూసినట్టు చూసింది.

“ఇగ పంకజ్ పేరు రాసుకోండి” అని తన చోటికి వెళ్ళిపోయింది.

అన్నాల వేళ అయిపోయి సాంచాలు మొదలయ్యాయి. పంకజ్ పన్నెండో సాంచా దగ్గరికి నడిచాడు. గుట్ట మీది నుంచి ఒక కండె తీసి, కాసేపు చేతిలో పట్టుకొని, అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టాడు. సాంచా నడిచింది. ఆపి నడిపే తీరు వేరే చేతిదని మల్లవ్వ చెవికి తెలుస్తూనే ఉంది.

గుట్టలో కండెలు ఉన్నన్నాళ్ళూ పంకజ్‌కు ఆ బటన్‌తో పని పడలేదు. అతని ఖిడ్కీలో పేరు ఒక్కటే ఉండేది. దాని కింద నలుపు. గుట్ట తరుగుతున్నకొద్దీ మల్లవ్వ కండెల పిలుపు పడిందేమోనని తలెత్తి ఆ నలుపును చూడడం ఎక్కువైంది. ఆమె పక్కన తట్ట నిండే ఉంది.