కోటి ఏళ్ల తొందర

ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, దగ్గరవుతూ, చివరికి ఢీకొని పేలిపోయే జంట నక్షత్రాలను వెతకడం నా ఉద్యోగం. పాతికేళ్లలో నాకు దొరికింది ఒక్క జంట. కోటి ఏళ్లలో పేలుతుందని లెక్క తేల్చాను. తెలిసిన జంటల్లో అంత తొందరగా పేలేది మరొకటి లేదు. ఆ సంగతి కూరగాయల కొట్టతనికి కూడా చెప్పాను. "అయితే ఈలోపు టమాటాలు ఎన్ని తూచమంటారు?" అన్నాడు.

నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి మాత్రం ఎనిమిది నెలల కిందట అడ్డు చెప్పింది.

"సార్, పక్కదాని లాగుడుకి ఆ నక్షత్రం గుడ్డులా సాగి ఉంటుంది. ఒక్క చుట్టులో రెండుసార్లు వెలుగు పెరుగుతుంది. మీరు ఒక చుట్టును రెండుగా లెక్కేశారు."

ఆ మాటే నిజమైతే చుట్టుకు పట్టే కాలం రెట్టింపవుతుంది, దాంతో పేలుడుకు పట్టే కాలం ఆరింతలై ఆరు కోట్ల ఏళ్లకు చేరుతుంది. నా రికార్డు గల్లంతు. "గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట" అని నలుగురూ నవ్వేలా అన్నాను. ఆమె థీసిస్‌లో లెక్క మార్చలేదు, నేను సంతకం పెట్టలేదు. సంతకం లేనిదే పట్టా రాదు, పట్టా లేనిదే ఆమె చేతికొచ్చిన ఉద్యోగం దక్కదు. గడువు శుక్రవారం సాయంత్రం. నేనేమో నియమానికి కట్టుబడ్డాననుకుంటూ హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం పొద్దున, మధ్యాహ్నం ఇవ్వాల్సిన ఉపన్యాసం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మా అత్తగారు ఉడికిందో లేదో చూడడానికి గుడ్డును బల్లమీద గిర్రున తిప్పారు. అది నెమ్మదించింది. వెడల్పు వైపు, మొన, వెడల్పు వైపు, మొన. ఒక్క చుట్టుకి రెండుసార్లు.

"మళ్లీ తిప్పండి అత్తయ్యా."

"ఉడికింది బాబూ, తినొచ్చు."

ఏడుసార్లు తిప్పించాను. ఆవిడ మా ఆవిడ వైపు తిరిగి, "అల్లుడికి ఒంట్లో బాగుందా?" అన్నారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

దారి పొడుగునా నా బుద్ధి మంచి సలహాలే ఇచ్చింది. కోటి అన్నా, ఆరు కోట్లన్నా సరిచూడడానికి ఎవరుంటారు? గుట్టుగా సంతకం పెట్టేసి, తప్పు సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు.

హాలు నిండుగా ఉంది. ఆమె చివరి వరుసలో థీసిస్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ముఖం చూశాక సలహాలన్నీ మరిచిపోయాను.

"నా లెక్క తప్పు. పేలుడు ఆరు కోట్ల ఏళ్లకు వాయిదా పడింది. అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్నాను. నవ్వారు. అక్కడితో దిగిపోయుంటే పరువు దక్కేది.

"తప్పని ఎప్పుడు తెలిసింది?" అని డైరెక్టరుగారు అడిగారు.

'ఇవాళే' అన్న మాట నోటిదాకా వచ్చింది.

"ఎనిమిది నెలల కిందటే చెప్పారు సార్. నేనే ఇవాళ విన్నాను. చెప్పింది ఆ వెనక కూర్చున్న అమ్మాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అందరూ వెళ్లాక ఆమె సంతకం పేజీ తెరిచి నా ముందు పెట్టింది. క్షమించమని అడిగి, సంతకం పెట్టాను.

"తేదీ కూడా వేయండి సార్."

వేశాను. థీసిస్ అందజేయాల్సిన ఆఫీసు మూయడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి. ఆమె పరుగెత్తింది. నేనూ రొప్పుతూ వెనకే వెళ్లి, మూసుకుపోతున్న లిఫ్టు తలుపు పట్టుకుని ఆపాను. ఐదేళ్లలో ఆ పిల్లకు నేను చేసిన మొదటి సాయం అదే.