కంప వేసిన మడుగు

దేవమణి పంతులమ్మ పాఠం చెప్పడమంటే పుస్తకం చదివేసి చేతులు దులుపుకోవడం కాదు. అరవై మూడులో, ఏప్రిల్ నెలకి మునేరు ఎండిపోయి కీసర ఎగువన నాలుగు మడుగులు మిగిలితే, నాలుగో తరగతి పిల్లల్ని వెంటేసుకుని ఏట్లోకి దిగింది.

"ఈ మడుగుల్లో తలదాచుకున్న చేపలే విత్తనం. కొత్తనీరు రాగానే ఎదురెక్కి గుడ్లు పెడతాయి. విత్తనాల గింజలు వండుకు తినేస్తే తొలకరికి ఏం చల్లుతార్రా?"

"మట్టి," అంది జయమణి. అందరూ నవ్వారు. పదేళ్ల పిల్ల, మాటకు మాట అప్పజెప్పుద్ది. పంతులమ్మకు ఆ పిల్లంటే ప్రాణం.

అంతా కలిసి తుమ్మకంప ఈడ్చుకొచ్చి పెద్ద మడుగులో పడేశారు. కంప మీద వల పడితే పేలికలవుద్ది, అందుకని ఎవరూ వెయ్యరు. వానలదాకా చేపలు బతికిపోతాయి. అంతవరకూ బాగానే ఉంది. వల పడకపోతే మనిషి చేతులు ముడుచుకు కూర్చుంటాడని ఆవిడ అనుకుంది చూడండి, అక్కడే వచ్చింది తంటా.

మొట్టమొదట వల చిరిగింది జయమణి నాన్న బాలస్వామిదే. అతను వెంకటరత్నంగారి మిరపతోటలో మందు కొట్టే మనిషి. డబ్బా అడుగున ఎండ్రిన్ పురుగుమందు మిగిలింది. పారబొయ్యడం ఎందుకని మడుగులో కలిపి, చచ్చి తేలిన చేపల్ని ఏరుకొచ్చాడు. పేగులు తీసేసి, ఉప్పూ చింతపండూ వేసి మూడుసార్లు కడిగితే మందు పోద్దని పల్లెలో అందరి నమ్మకం. అట్లా పట్టినవి ఏటా తింటూనే ఉన్నారు. తల తిరిగితే మజ్జిగ తాగి పడుకుంటారు, అంతే.

ఆదివారం ప్రార్థన అయ్యాక బాలస్వామి, వెనకాలే జయమణి, పంతులమ్మ గుమ్మంలోకి వచ్చారు. అరిటాకులో మూరెడు కొరమీను.

"మీకని తీసిపెట్టానండి. ఇందాకే పట్టా."

వలలో పడ్డ కొరమీను పూటంతా కుండలో కొట్టుకుంటానే ఉంటది. ఇది కట్టెలా బిగుసుకుపోయి ఉంది. దేవమణికి తెలిసిపోయింది. జయమణికీ తెలుసు కాబోలు, తల ఎత్తలేదు.

మాట నోటిదాకా వచ్చింది. కానీ అంతకుముందున్న పంతులుగారు ఆ పల్లెలో మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఈవిడ మన మనిషి, మన దేవుణ్ణి నమ్ముకున్న మనిషి అని వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. అభిమానంతో తెచ్చిన చేపని కాదంటే, కుర్చీ ఎక్కేసరికి కళ్లు నెత్తికెక్కాయంటారు. రేపు పిల్లల్ని బడి మాన్పిస్తే? మొహమాటం కొంపలు ముంచుద్దని ఊరికే అనలేదు పెద్దలు.

"ఎందుకు బాలస్వామన్నా ఇదంతా," అని అందుకుంది. కడుక్కుని తింటార్లే, ఏటా తినేదేగా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. వాళ్లు సందు మలుపు తిరిగాక పెరట్లో గొయ్యి తీసి చేపను పాతేసింది. కుక్కలు లాక్కుతిని చస్తాయేమోనని పైన రాయి కూడా పెట్టింది. కుక్కల గురించి వచ్చిన ఆలోచన పిల్ల గురించి రాలేదు.

మర్నాడు బడిగంట కొట్టినా జయమణి రాలేదు. ఇంట్లో అందరికీ వాంతులు, ఆ పిల్లకు మాత్రం ఫిట్లు. చేప గుడ్లంటే దానికి ఇష్టమని తండ్రి ఉన్నవన్నీ దాని కంచంలోనే వేశాడట. నందిగామ ఆసుపత్రికి బండి కట్టారు. సగం దారిలోనే ప్రాణం పోయింది.

మూడోరోజు ప్రార్థనకి దేవమణి వెళ్లింది. బాలస్వామి పంచలో చాప మీద కూర్చుని ఉన్నాడు. దండేనికి ఉప్పు రాసిన ఆ మడుగు చేప ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి. ఆవిణ్ణి చూడగానే అతను లేచి నిలబడ్డాడు.

"మమ్మల్ని చూసిన డాక్టరు చేపేనన్నాడండి. నా చేత్తో నేనే చంపుకున్నానని ఊరంతా అంటన్నారు. మీరూ అదే మడుగు చేప తిన్నారు గదా, మీకేమైంది? చేప మూలానైతే మీకూ రావాలి గదండీ. పిల్లకి ఇంకేదో సోకింది. మీరొక్కరు అవునంటే చాలండి, నేను బతుకుతా."

అవునంటే అతను నిజంగానే బతుకుతాడు. చాప మీద కూర్చున్నవాళ్లంతా ఆవిడ వంకే చూస్తున్నారు. ఈలోగా బాలస్వామి భార్య పుల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ దండెం మీద చెయ్యి వేసింది. చిన్నోడు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, రెండు ముక్కలు కాల్చి పెడతానంది.

దేవమణి చాప దాటి దండెం దగ్గరికి వెళ్లింది.

"అవి పెట్టకు పుల్లమ్మా," అంది. "నేను తినలేదు బాలస్వామన్నా. మందు చేపేనని చూడగానే తెలిసింది. పెరట్లో పాతేశా."

పుల్లమ్మ చెయ్యి దండెం మీద అట్లాగే ఉండిపోయింది. బాలస్వామి మెల్లగా చాప మీద కూలబడ్డాడు.

"అప్పుడే తెలిసిందాండీ?"

"తెలిసింది."

అతను తిట్టలేదు, కొట్టడానికీ రాలేదు. అట్లా చేసినా ఆవిడకి కాస్త తేలికయ్యేది.

"నాకు చెప్పకపోయినా దానికైనా చెప్పాల్సిందండీ పంతులమ్మగారూ," అన్నాడు. "మీరొక్క మాట చెబితే అది ముద్ద ముట్టుకునేది కాదు."